మూడో అంతస్తుకి రెండు బకెట్లు

నవంబరు 14, గురువారం
మధ్యాహ్నం మూడు గంటలు

ప్రియమైన నా అమ్మలుకి,

మీ నాన్న తనకున్న ఒకటిన్నర చేతులూ జోడించి ప్రభువు పేరున పంపే వందనాలు. అల్లుడుగారికి నా నమస్కారం చెప్పు. మనవరాలికి రెండు బుగ్గల మీదా ముద్దులు, ఎడమ బుగ్గకి ఒకటి ఎక్కువ. ఇక్కడ నేను క్షేమం. క్షేమం అంటే నడుమూ, మోకాళ్ళూ, ఎడం భుజమూ తప్ప మిగతాదంతా క్షేమం అని.

నీ ఉత్తరం సోమవారం అందింది. నాలుగే వాక్యాలు రాశావు. నాన్నా, నీకు మతిపోయిందా. ఆ ఫోర్‌మన్ గాడి వీపు రుద్దడానికా దేవుడు నీ కుడిచేతికి ఆ రెండు వేళ్ళు మిగిల్చింది. నువ్వు వాడి ఇంటికి వెళ్ళడం మానేదాకా చర్చిలో నీ సాక్ష్యం వినడానికి నేను రాను. ఆరోగ్యం జాగ్రత్త. ఆ ఆఖరి మాట నాలుగుసార్లు చదువుకున్నాను తల్లీ. మీ అమ్మ కూడా అంతే, ఎంత తిట్టినా చివర్లో అన్నం తిన్నావా అని అడిగి గానీ ఊరుకునేది కాదు.

నీకు కోపం రావడం న్యాయమే. అయినా ముసలాడి సంతోషం కాస్త విను. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆదివారం ఆమెని చర్చి మెట్ల దాకా దింపి, నేను గోడకి ఆనుకుని సిగరెట్టు కాల్చేవాణ్ణి కదా. ఆమె పోయాక కూడా కాళ్ళకి అలవాటై అక్కడికే వెళ్ళి నిలబడేవాణ్ణి, ఎవర్ని దింపడానికో నాకే తెలియదు. జూన్‌లో ఒకరోజు వాన పట్టుకుంటే లోపలికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒక ముసలాయన ప్రభువు దగ్గరికి వెళ్ళి, అయ్యా, ఇంత వయసొచ్చాక మనిషి మళ్ళీ ఎలా పుడతాడు అని అడిగిన సంగతి పాస్టరు గారు చెబుతున్నారు. నేను ఉండబట్టలేక, నాదీ అదే ప్రశ్న అని పైకే అనేశాను. తలలన్నీ వెనక్కి తిరిగాయి. పాస్టరు గారు నవ్వి, తాతగారూ, కూటం అయ్యాక కాసేపు ఉండండి అన్నారు. ఇదిగో, ఇప్పటిదాకా ఉండిపోయాను.

పాపకి జ్వరమని నువ్వు నా బాప్తిస్మానికి రాలేకపోయావు గానీ చూడాల్సిన ముచ్చట. మా పాస్టరు గారు సన్నగా రూళ్ళకర్రలా ఉంటారు. నన్ను తొట్టిలో ముంచడం సులువే అయింది, లేపడమే కాలేదు. ఇద్దరు సంఘపెద్దలు బట్టలతోనే దిగాల్సొచ్చింది. పైకి వచ్చాక నవ్వాను, ఏడ్చాను, మూడు రోజులు దగ్గాను. డెబ్బై ఒక్కేళ్ళకి కొత్తగా పుట్టించాడు గానీ అమ్మలూ, మోకాళ్ళు మాత్రం పాతవే ఇచ్చాడు. లోపల ఎక్కడో ఒక చిన్న బరువు కూడా మిగిలినట్టే అనిపించింది. తడిబట్టల బరువనుకున్నాను.

పుట్టినవాడు కాళ్ళూ చేతులూ ఆడించకపోతే పుట్టాడని ఎవరు నమ్ముతారు అంటారు మా పాస్టరు గారు. అందుకని నెలకోసారి మంచాన పడ్డవాళ్ళ పేర్లు చదువుతారు. చెయ్యాలనుకున్నవాళ్ళు చెయ్యెత్తాలి. ఆగస్టులో మా పాత ప్రెస్సు ఫోర్‌మన్ గారి పేరు చదివారు. ఆయన అక్కగారు మా సంఘంలో మనిషి. ఒక్క చెయ్యీ లేవలేదు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, నీళ్ళు కింది కుళాయి నుంచి మోసుకెళ్ళాలి, పైగా రోగి నోరు మంచిది కాదు. నేను నా కుడి చెయ్యి ఎత్తాను.

చర్చిలో తలలన్నీ మళ్ళీ నావైపు తిరిగాయి. ప్రెస్సులో కాగితాలు కోసే కటింగ్ మిషన్ బ్లేడుకి అడ్డంగా ఉండే ఇనుప జాలీని ఫోర్‌మన్ తీయించేశాడనీ, దానివల్లే నా మూడు వేళ్ళు తెగిపోయాయనీ మీ అమ్మ చెప్పుకుని ప్రార్థనలు చేయించింది కదా, తెలియనివాళ్ళు లేరు. తర్వాత చప్పట్లు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆ నెలాఖరుకే పాస్టరు గారు నవంబరు పదిహేడు ఆదివారం తాతగారి సాక్ష్యం, అంశం శత్రువుని క్షమించడం, అని బోర్డు మీద రాయించేశారు.

అప్పట్నించీ రోజూ పొద్దున యాభై నాలుగు మెట్లు. ఒక బకెట్టు ఎడం చేత్తో, ఇంకోటి కుడి మోచేతి మడతలో తగిలించుకుని ఎక్కుతాను. ప్రతి మలుపులోనూ ఆగుతాను. పైకి చేరేసరికి అక్కగారు గుమ్మంలో నిలబడి, సగం నీళ్ళు మెట్లకి పోసొచ్చావా, ముందు నీకు పోయాలా వాడికి పోయాలా అంటుంది. నీళ్ళు కాచి, ఆయన్ని ఎత్తి పీట మీద కూర్చోబెట్టడం పెద్ద యుద్ధం. పక్షవాతానికి సగం మాట పడిపోయింది, మిగిలిన సగంలో అన్నీ తిట్లే. మెల్లిగా రుద్దరా, గిన్నె అనుకున్నావా అంటాడు. గిన్నె అయితే ఈపాటికి మెరిసేది అంటాను. మొన్న ఉన్నట్టుండి, నా కిటికీ అద్దం పగలగొట్టిన పిల్ల ఎలా ఉంది అని అడిగాడు. బాగుంది, ఒక కూతురు అన్నాను. గురి మంచిది దానిది అన్నాడు.

ఇంటికొచ్చాక చొక్కా గుండీలు విప్పుకునే ఓపిక కూడా ఉండదు. మంచం అంచున అలాగే కూర్చుంటాను. అప్పుడు నువ్వే గుర్తొస్తావు. నేను ఆసుపత్రి నుంచి వచ్చినప్పుడు నీకు పదేళ్ళు. రోజూ బడికి వెళ్ళేముందు ఎదురుగా నిలబడి, నాలుక బయటపెట్టి, ఒక్కొక్క గుండీ పెట్టేదానివి. పైగుండీతో గొంతు నొక్కేస్తున్నావే అంటే, కదలకు నాన్నా, బెల్లు కొట్టేస్తారు అనేదానివి. ఎడంచేత్తో రాయడం కూడా నీ రెండుగీతల పుస్తకంలోనే నేర్చుకున్నాను. ఈ అక్షరాలు ఇంత వంకరగా ఉంటే తప్పు పంతులమ్మదే.

చాలా అలిసిపోయానమ్మా. అయినా ఇంత సంతోషం నా జన్మలో లేదు, రెండు జన్మల్లోనూ లేదు. ఆదివారం వచ్చి ముందు బెంచీలో కూర్చో. అది నా ఒక్క కోరిక.

కిటికీని వీధివైపు తెరిచి ఉంచి కూర్చునే,
నీ నాన్న

మళ్ళీ రాస్తున్నది: పై ఉత్తరం కవరులో పెట్టి, జిగురు రాసి, అంటించి, మళ్ళీ కవరు చింపి బయటికి తీశాను. అసలు రాయాల్సింది రాయనేలేదు.

ఆ జాలీని ఫోర్‌మన్ గారు తీయించలేదు తల్లీ. నేనే విప్పాను. అది ఉంటే కట్టకీ కట్టకీ మధ్య ఆగాలి. ప్రెస్సంతా నన్ను మెరుపు అని పిలిచేది, ఆ పేరు పోతుందని విప్పి పక్కన పెట్టేవాణ్ణి. ఆ రోజు కూడా ఆయన రెండుసార్లు బిగించమన్నాడు. యజమాని ఆసుపత్రికి వచ్చి అడిగితే, నా తప్పంటే బయటికి గెంటేస్తారని భయపడి ఆయన పేరు చెప్పాను. ఆయన్ని గెంటేశారు. నాకు కాపలాకి గేటు దగ్గర స్టూలు వేశారు. ఆ తర్వాత ఏ ప్రెస్సూ ఆయన్ని గడప తొక్కనివ్వలేదు. మీ అమ్మ ఈ సంగతి తెలియకుండానే పోయింది. నువ్వు ఆయన కిటికీ మీద రాయి వేసి పరిగెత్తుకొస్తే నీ తల నిమిరాను చూడు, వేళ్ళ నొప్పి పోయినా అది పోలేదు.

నిన్న వీపు రుద్దుతూ, ముఖం కనపడదు కదా అని, ఆయనకి ఇదంతా చెప్పేశాను. నాకు తెలియదనుకున్నావా, విప్పిన జాలీ ప్రెస్సులో నా అలమరలోనే పెట్టావు కదరా వెధవా అన్నాడు. మరి ఇన్నాళ్ళూ నన్నెందుకు రానిచ్చావని అడిగాను. ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నాను, నీళ్ళు చల్లారిపోతున్నాయి, కానివ్వు అన్నాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఖాళీ బకెట్లతో దిగుతుంటే రెండో మలుపులో కూలబడి ఏడ్చాను. తొట్టిలో మిగిలిపోయిన బరువు అక్కడ దిగింది. నన్నడిగితే నేను పుట్టింది నిన్న పొద్దున, ఆ మెట్ల మీద.

ఆదివారం చెప్పబోయేది ఇదే. బోర్డు మీద ఏం రాసినా సరే. తనకి చెప్పినట్టే అందరికీ చెబుతానో, మాట మారుస్తానో వినాలని ఫోర్‌మన్ గారూ వస్తానంటున్నారు. కుర్చీలో కూర్చోబెట్టి యాభై నాలుగు మెట్లూ దింపాలి. ముందువైపు సంఘపెద్దలిద్దరూ పడతామన్నారు. వెనక ఎడమవైపు నేను పడతాను. కుడివైపు పట్టడానికి నా చెయ్యి పనికిరాదు.

నువ్వు నాతో మాట్లాడక్కర్లేదు. ఎనిమిదింటికల్లా వచ్చి ఆ పక్క పట్టుకో, చాలు.