అంచు మీది పేరు

నవంబర్ 4, సోమవారం

తాతయ్య మెడల్‌ని ఫ్రేములోంచి తీశాను. నాకు ఊహ తెలిశాక అది గోడ దిగడం ఇదే మొదలు. బర్మా యుద్ధంలో ఆయన చూపిన ధైర్యానికి తెల్లదొరలు ఇచ్చింది. ఆదివారం మా చర్చిలో తాతయ్య హవల్దార్ జీవరాజు పేరిట పాలరాతి ఫలకం తెరుస్తారు. నాన్న ఆ మెడల్‌ని కోటుకు పెట్టుకుని కూర్చోవాలి, నేను తాతయ్య గురించి సాక్ష్యం చెప్పాలి. రిబ్బన్ చూస్తే పురుగు కొట్టేసింది. నాన్నకు ఎనభై నాలుగేళ్ళు. లాలాగూడ అంతా తిరిగి అందరినీ పిలిచొచ్చారు.

నవంబర్ 5, సాయంత్రం 4

చిలకలగూడలో మిలటరీ యూనిఫాంలు కుట్టే తుకారాం దగ్గర రిబ్బన్ మార్పించాను. మీ తాత పేరు బుల్లబ్బాయా అని అడిగాడు. కాదు, జీవరాజు అన్నాను. గట్లెట్లయితదమ్మా, ఎవరి మెడలైతే వాళ్ళ పేరే అంచుకు కొడ్తరు, జెర మీరే సదువుండ్రి అన్నాడు. చదివాను. సిపాయి బుల్లబ్బాయి.

ఎవడీ బుల్లబ్బాయి? ఇన్నేళ్ళుగా మా గోడ మీద వీడికేం పని?

నవంబర్ 6

నాన్నకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. కంచంలోనే చెయ్యి కడిగేసుకుని లేచిపోయారు.

నవంబర్ 7

మెడల్ బీరువాలో పెట్టి తాళం వేశాను. అయినా ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కావడం లేదు. మంచం మీద ఎవరో కూర్చుని ఎదురు చూస్తున్నట్టుంది. భయంగా ఉంది.

నవంబర్ 8, ఉదయం

నాన్న నోరు విప్పారు. తాతయ్య కాలికి తూటా తగిలి పడిపోతే బుల్లబ్బాయి భుజాన మోసుకొచ్చి దించాడట. ఇంకొకరి కోసం వెనక్కి వెళ్ళి మళ్ళీ రాలేదట. వాళ్ళమ్మ వీరరాఘవమ్మకు అందజేయమని మెడల్ తాతయ్యకిచ్చి పంపారు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగేసరికి చర్చివాళ్ళు దండలతో నిలబడి ఉన్నారు. చేతిలో మెడల్ చూసి ఆయనదే అనుకున్నారు. కాదనడానికి ఆయనకు నోరు రాలేదు. తర్వాత ఆ తల్లి గడప తొక్కడానికి మొహం చెల్లలేదు.

నేను పోయేదాకా ఆగమ్మా హదస్సా, నా పరువు తీయకు అని నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది. చెప్తే నాన్న తట్టుకోలేరు. చెప్పకపోతే ఆ తల్లిని నేనూ మోసం చేసినట్టే.

నవంబర్ 9

సాక్ష్యం రెండు రకాలుగా రాసుకున్నాను.

నవంబర్ 10, ఆదివారం

ఈ మెడల్ సిపాయి బుల్లబ్బాయిది అన్నాను.

ముందు వరుసలో నాన్న కర్ర వదిలేసి నిటారుగా లేచి నిలబడ్డారు. హాజర్ అన్నారు.

ఇంటికొచ్చాక చెప్పారు. తన చిన్నప్పుడు రోజూ పొద్దున్నే తాతయ్య పట్టాళంలో హాజరు వేసినట్టు బుల్లబ్బాయి పేరు పిలిచేవారట. నాన్న హాజర్ అనేదాకా పిలుస్తూనే ఉండేవారట.