మరియమాత పటానికి వేలాడే పతకం

పిరేయస్,
22 నవంబరు 1994, మంగళవారం

నాన్నా అర్గిరిస్,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇక్కడ ఇద్దరమూ తింటున్నాం, తిరుగుతున్నాం, అంతవరకు క్షేమమే. అమ్మ మోకాళ్ళ సంగతి చివర్లో రాస్తాను. ఆ సరిహద్దు నది పక్కన చలిలో నువ్వూ క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాం.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నీ పిట్ట ఈకలు రాల్చి బోడిగా తయారైంది గానీ కూత మాత్రం మానలేదు. అమ్మ అల్లి పంపిన మేజోళ్ళు తోటి సిపాయిలకి పంచేశావట, ఆ ముక్క ఆవిడకి చదివి వినిపించలేదు. నా దగ్గు తగ్గింది. సిగరెట్లు నిజంగానే మానేశాను. ఈ ఉత్తరంలో నిజంగానే అన్న మాట ఇంకా చాలాసార్లు రాయాల్సి వచ్చేలా ఉంది.

పోలిదోరోస్ ఎలా ఉన్నాడన్నావు. వాడి కాఫీ కొట్టుకి పోవడమే తగ్గించేశాను. మెడలో మారథాన్ పతకంతో నేను ఇకిలిస్తున్న ఫోటో ఒకటి గల్లాపెట్టె పైన తగిలించాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే మొదలు. "లేవండ్రా, వీరుడొచ్చాడు, కుర్చీ ఖాళీ చెయ్యండి. ట్రాలీబస్సు తోలేవాడు బస్సు లేకుండా ఏథెన్స్ చేరాడు, మజాకా అనుకున్నారా" అంటాడు. అక్టోబరు చివర ఆ పరుగైన మర్నాడు మీ అమ్మ కొట్టులో అందరికీ కాఫీలు పోయించి, లుకుమియా మిఠాయిలు పంచింది. శుభవార్త ఉన్నవాళ్ళు పంచకపోతే ఊరుకోరు కదా. పైన చక్కెర పొడి రాలుతుంటే నేనూ రెండు తిన్నాను. తిని, ఆఖరి పది కిలోమీటర్లు ఎలా పరిగెత్తానో, పాలరాతి స్టేడియంలో అడుగు పెట్టగానే ఏడుపు ఎలా ఆగలేదో పూస గుచ్చినట్టు చెప్పాను. నా నోట్లో పురుగులు పడ.

నువ్వు రాశావు, "ఎన్ని గంటల్లో పూర్తి చేశావు నాన్నా? స్తావ్రోస్ ఎత్తు దగ్గర ఆగావా?" అని.

ఆగాను. ముప్పై ఒకటో కిలోమీటరు దగ్గర, ఒక పరుపుల దుకాణం ముందు, కాలిబాట అంచు మీద కూలబడ్డాను. వాన మొదలైంది. పిక్కలు బిగుసుకుపోయాయి, అది నిజం. కానీ ఇంకా నడవగలను, అదీ నిజమే. అంతలో వెనకబడినవాళ్ళని ఏరుకుంటూ వచ్చే బస్సు పక్కనే ఆగి తలుపు తెరుచుకుంది. లోపల నుంచి వెచ్చటి గాలి తగిలింది. పాతికేళ్ళుగా జనాన్ని బస్సెక్కించినవాణ్ణి, ఎవరూ పిలవకుండానే లేచి ఎక్కాను. లోపల తడి బనియన్ల కంపు, తొక్కేసిన అరటిపండ్లు, ఎవరో కక్కుకున్న వాసన. అయినా కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోయాను. ఆ హాయి తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళంతా జలదరిస్తోంది.

స్టేడియం దగ్గర దించారు. నేను దుప్పటి కప్పుకుని జనంలో కుంటుతూ పోతుంటే, పతకాలు వేసే ఒక అమ్మాయి నన్ను పూర్తి చేసినవాడిననుకుంది. "శభాష్ మామా, తల వంచండి" అంది. వంచాను. కాదమ్మా, నేను బస్సులో వచ్చానని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? గేటు బయట మీ అమ్మ నిలబడి ఉంది. నా మొహం కూడా చూడలేదు, పతకాన్నే చూసి ముద్దు పెట్టుకుంది.

అది దేనికో నీకు తెలుసు. నీకు మందుపాతరలు ఏరే దళం పడిందని తెలిసిన రోజున, తీనోస్ ద్వీపానికి పోయి ఓడ దిగిన చోటి నుంచి కొండ మీది గుడి దాకా మోకాళ్ళ మీద పాకుతానని మొక్కుకుంది. అరిగిపోయిన ఆ మోకాళ్ళతో మన మేడ మెట్లే ఎక్కలేదు. "నువ్వు పాకొద్దు, నీ బదులు నేను పరిగెత్తుతాను, పతకం తెచ్చి మన గుళ్ళో తల్లికి కడదాం" అన్నది నేనే. సరేనంది. ఆ సాయంత్రమే తీసుకెళ్ళి మరియమాత పటానికి తగిలించింది. మొక్కుకున్నవాళ్ళు కట్టిన వెండి రేకు కాళ్ళు, చేతులు, ఎవరివో వాచీలు, ఉంగరాలు, వాటి మధ్య నా దొంగ పతకం. తల్లికి ఇచ్చింది వెనక్కి తీసుకోకూడదు. కాబట్టి అది అక్కడే ఉంటుంది. నీ ప్రాణానికి కట్టిన ముడుపు అబద్ధమని మొన్నటిదాకా ఈ ఊళ్ళో నాకొక్కడికే తెలుసు. ప్రతి ఆదివారం దాని కిందే నిలబడి కొవ్వొత్తి వెలిగించాను. నా మీద నాకు ఎంత అసహ్యం వేసిందంటే, గడ్డం గీసుకునేటప్పుడు అద్దం చూడటం మానేశాను.

అందుకే మొన్న ఆదివారం ఇంకో మారథాన్ పరిగెత్తాను. మొదటిదై మూడు వారాలే అయింది, కాలి గోళ్ళు రెండు నల్లబడి ఊడాయి. థెస్సలీలో ఒక పత్తి ఊరు. కలమాతాలో మా పినతండ్రి కొడుకు తోటలో ఒలీవ కాయలు దులిపి కొత్త నూనె తెస్తానని అమ్మకి చెప్పి బయలుదేరాను. అరవై మందిమి పరిగెత్తాం. రోడ్డు పక్క బురదలో పత్తి పింజలు, వెంటబడే కుక్కలు, చూసే మనిషి ఒక్కడు లేడు. ముప్పయ్యో కిలోమీటరు దాటాక వెనక నుంచి ట్రాక్టరు వచ్చింది. "ఎక్కు మామా, ఎవడు చూడొచ్చాడిక్కడ?" అన్నాడు తోలేవాడు. ఎక్కలేదు. పొయ్యేసరికి బల్లలు మడిచేశారు, పతకాలు అయిపోయాయి. అక్కడ ఊడుస్తున్నావిడ రెండు నారింజలు చేతిలో పెట్టి, "ఇంకా ఒకడున్నాడా" అంది. అంతే. మహా ఘనకార్యం. మనసు కడిగినట్టవుతుందనుకున్నాను, అవలేదు. బస్టాండు పక్క కొట్టులో ఒక డబ్బా నూనె కొనుక్కుని, ఇంటికి రావడానికి మళ్ళీ బస్సే ఎక్కాను.

మీ అమ్మ డబ్బా మూత తీసింది. రొట్టె ముక్క మీద పోసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది, మింగింది.

"గొంతులో మండలేదు" అంది. "ఇది కొత్త నూనె కాదు. కలమాతా నూనె అసలే కాదు. ఎక్కడికెళ్ళొచ్చావు?"

అంతా చెప్పేశాను, పరుపుల దుకాణం దగ్గర నుంచి నారింజల దాకా. తిడుతుందనుకున్నాను. రొట్టె పక్కన పెట్టేసి ఒక్కటే అడిగింది: "ఆ బస్సెక్కేటప్పుడు పిల్లాడు గుర్తుకు రాలేదా?"

వచ్చావు నాన్నా. అదే చెప్పాను. గుర్తుకొచ్చావు, అయినా ఎక్కాను. ఇంతకంటే రోత మాట నా జీవితంలో నేను చెప్పలేదు. అమ్మ లేచి వెళ్ళి నీ మంచం మీద పడుకుంది.

నిన్న మరియ తల్లి పండగ. పొద్దున్నే నల్ల కోటు వేసుకుని బయలుదేరింది, వెనకాలే వెళ్ళాను. గుడి వీధి మొదట్లో ఆగింది. అక్కడి నుంచి గుడి గుమ్మం దాకా రెండొందల గజాలు, సగం రాళ్ళు తేలిన దారి. బిషప్పు గారొచ్చినా చేతిలోంచి వదలని కర్రని గోడకి ఆనించి, రోడ్డు మీద మోకాళ్ళు మోపింది. పోలిదోరోస్ కొట్టు ముందు కూర్చున్న అందరూ లేచి నిలబడ్డారు. పరుగుకి పట్టేసిన నా కాళ్ళు వంగటం లేదు, అయినా పక్కనే గోడ పట్టుకుని దిగబోయాను.

తల తిప్పకుండానే అంది: "నువ్వు బస్సులో రా."

ఆవిడ కర్ర పట్టుకుని వెనకాల నడిచాను. ఇవాళ మోకాళ్ళకి కట్లు కట్టాను, కట్టనిచ్చింది. ఇదంతా నీకు రాయమన్నదీ ఆవిడే.

అక్కడ అడుగు తీసి అడుగు వేసేటప్పుడు నేల చూసుకో నాన్నా. ఆ పతకాన్ని నమ్ముకోకు.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని
నీ నాన్న,
త్రాసివులోస్