గీత లేని గడి

అన్నయ్యకు,

పుణె నుంచి చెల్లెలు సుజాత నమస్కరించి రాస్తున్నది. నేను బాగున్నాను. వదిన, పిల్లలు ఎలా ఉన్నారు? దాచేపల్లి ఫ్యాక్టరీ దుమ్ముకు పట్టిన నీ దగ్గు తగ్గిందా? ఇక్కడ మూడు వారాలుగా ముసురు, బట్టలు ఆరడం లేదు. మెస్సులో పప్పులో కూడా బెల్లం వేస్తున్నారు. అయినా తింటున్నాను, దిగులుపడకు.

ఆఫీసు వాళ్లిచ్చిన ఫోనులో ఈ సంగతులు మాట్లాడటానికి నమ్మకం చాలక ఉత్తరం రాస్తున్నాను.

మాది ఆసుపత్రులకు మందుల మోతాదు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. చాలా పాత కోడ్. దాని గుట్టంతా తెలిసింది మా టీములో పాత ఉద్యోగి పద్మక్క ఒక్కదానికే. ఆమెది మన ముప్పాళ్ళ ఊరే. నెల కిందట మేనేజరు నాకొక టూల్ ఇచ్చాడు. కోడ్ మీద నడిపితే దానంతటదే క్లాస్ డయాగ్రమ్‌లు గీస్తుంది. కోడ్‌లోని ఒక్కో భాగానికి ఒక గడి, ఏది దేన్ని వాడుకుంటుందో చూపే గీతలు. ఏళ్ల తరబడి ఎవరూ రాయని డాక్యుమెంటు పది నిమిషాల్లో వచ్చింది. అంత తేలిగ్గా వచ్చినందుకే నాకు అనుమానం. పైగా పద్మక్కకు చెప్పవద్దన్నాడు.

బొమ్మలో ఒక గడికి ఏ గీతా లేదు. పిల్లల మోతాదు చూసే గడి అది.

“గీత లేదంటే ఎవరూ వాడటం లేదనే. తీసేసి, సరిచూశానని సంతకం పెట్టు” అన్నాడు మేనేజరు.

బొమ్మ తీసుకుని నేరుగా పద్మక్క దగ్గరకు వెళ్లాను. ఆమె మొహం మాడిపోయింది.

“బొమ్మలు గీయించుకున్నాక మనిషితో పనేముంటదే? మన వైపు పిల్లవని నిన్నే పంపారా నా మీదికి?”

“నేనింకా సంతకం పెట్టలేదక్కా. ఇదేందో చూసి చెప్పు.”

అప్పుడు నాకు కుర్చీ జరిపింది. ఆ గడిని పిలిచే మాట కోడ్‌లో లేదట, సెట్టింగుల ఫైలులో ఉందట. రోగి చిన్నపిల్లయితే, ప్రోగ్రాం నడిచేటప్పుడు అక్కడ చదివి పిలుస్తుంది. టూల్ చదివేది కోడ్‌ను మాత్రమే.

టెస్టు సిస్టంలో ఆ గడి తీసేసి నాలుగేళ్ల పాప వివరాలు ఇచ్చాం. పెద్దవాళ్ల మోతాదు చూపించింది.

మేనేజరు అది చూసి గడి ఉంచమన్నాడు. ఆ వెంటనే, “ఇలా కోడ్‌లో కనపడని సంగతులు ఆమెకు తెలిసినవన్నీ రాయించు” అన్నాడు.

“రాయించాక ఆమెను ఉంచుతారా?”

ఫోను చూసుకుంటూ లేచిపోయాడు.

ఆ మాట పద్మక్క దగ్గర దాచలేదు.

“నాకు తెలవదా? అయినా రాద్దాం. పసిపిల్లల మందులు గదా. పేజీ కింద నా పేరు మాత్రం వదలమాక” అంది.

ఇప్పుడు రోజూ పక్కపక్కన కూర్చుని రాస్తున్నాం. ప్రతి పేజీ కిందా ఆమె పేరు పెడుతున్నాను. నిన్న చూస్తే, నేను రాసిన కోడ్ మీద కూడా ఎవరో ఆ టూల్ నడిపారు. ఇక నా వంతు కాబోలు.

బాబాయికి, పిన్నికి నా దండాలు చెప్పు. నీ దీవెన నాకుండాలి. బీరువాలో నా డిగ్రీ సర్టిఫికెట్లు ఉన్నాయి, జిరాక్స్ తీయించి పంపు. ఎందుకని వదిన అడిగితే ఊరికేనని చెప్పు.

నీ చెల్లెలు,
సుజాత