పడుగు కింద బంతి

నాయినా,

నువ్వు పోయి నేటికి ఏడాది. బీపీఎడ్ పాసయ్యాను. ఈ రోజు హైదరాబాద్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు పోయాను. కోచ్ ఉద్యోగం ఇవ్వాలంటే ముందు పిల్లలకు ఒక గంట ఆట నేర్పి చూపించమన్నారు అక్కడి పెద్ద కోచ్.

పిల్లలు బంతిని ఆకాశంలోకే తంతున్నారు. నేను మైదానానికి అడ్డంగా నడుమెత్తున ఒక తాడు కట్టి, బంతి దాని కిందుగానే పోవాలన్నాను.

గద్వాలలో పొద్దున్నే నువ్వు మన వీధి పొడుగునా చీర పడుగు చాపి గంజి పట్టించేవాడివి. మేము ఆ పడుగు దారాల కిందుగానే బంతి ఆడేవాళ్లం. నువ్వు అరిచేవాడివి గానీ, ఆట ఆపమని ఎన్నడూ అనలేదు.

కాసేపటికి బంతి గడ్డిని వదలకుండా పరుగెత్తసాగింది. అంతలో ఒక పిల్ల పైకి తన్నితే బంతి పోయి తాడుకు తగిలింది.

"జర కిందికి ఆడు బిడ్డా, పడుగు తెగుతది!" అని నీలాగే అరిచాను.

"పడుగంటే ఏంది మేడం?" అంది ఆ పిల్ల.

"సోమవారం చెప్త, ఆడు," అన్నాను.

అప్పటికి పెద్ద కోచ్ నాకు ఉద్యోగం ఇస్తున్నట్టు చెప్పనే లేదు, నాయినా.

నీ బిడ్డ