కుడివైపు పెట్టె

కామాటిపుర, పదకొండో గల్లీ
4 ఫిబ్రవరి 2024

ప్రియమైన తమ్ముడు శంకర్రావుకు,

మీ దుర్గన్న రాస్తున్నాను. ఇక్కడ నేనూ, అమ్మాయి సంధ్యా క్షేమం. మరదలు శాంతాబాయి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బద్లాపూర్‌లో లిఫ్టు ఉంది కాబట్టి మెట్లను తిట్టే పని తప్పింది ఆమెకు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అంటావేమో. ఫోన్‌లో మనిద్దరం రెండో నిమిషానికే కొట్లాటకు దిగుతాం. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండాలి. పైగా మీ ఇంట్లో నీకు తప్ప ఎవరికీ తెలుగు చదవరాదు. పోస్టుకార్డు మీద రాసినా రహస్యమే.

విషయం చెబుతాను. నువ్వు దసరాకి పక్కిల్లు ఖాళీ చేసి, నీ స్పీకర్ పెట్టె ఎత్తుకుని బద్లాపూర్ వెళ్ళాక నాలుగు నెలలు నేను పాటలు పెట్టలేదు. ఈ చాలు బిల్డింగులో పక్కపక్కనున్న మన రెండు గదులకూ ఇద్దరం కలిసి కొన్న జత. ఒకటి నా ఖోలీలో, ఒకటి నీ ఖోలీలో, గోడకు నేనే రంధ్రం కొట్టి వైరు లాగాను. ముప్పై రెండేళ్ళు రెండిళ్ళలో ఒకే పాట మోగింది. పోనీలే, నీ సగం నువ్వు తీసుకున్నావు. దాని గురించి ఒక్క మాట కూడా అనను.

మొన్న మీ వదిన లచ్చమ్మ మూడో సంవత్సరీకం. ఆమె టేపు పెట్టాను. గణపతి పండుగకు గదుల ముందు గ్యాలరీలో మనం రికార్డు చేసిందే, గచ్చు కొట్టే పాటలు. నా హార్మోనియం వస్తోంది, తాళాలు వస్తున్నాయి, ఆమె గొంతు మాత్రం లేదు. చెవి పెట్టెకు ఆనించి వింటే ఎక్కడో బావిలోంచి పిలిచినట్టు, అంతే. టేపు అరిగిపోయింది తమ్ముడూ. ఆమె గొంతు ఉన్నది ఆ ఒక్కదాంట్లోనే.

సంధ్య ఏమంటుందంటే, ఇప్పుడు స్ట్రీమర్ అని చిన్న పెట్టె వస్తుందట. నెట్‌లోంచి పాట లాక్కుని మన పాత ఆంప్లిఫయర్‌కు ఇస్తుందట. లోకంలోని పాటలన్నీ అందులో ఉంటాయంది. నేను వెంటనే మీ అమ్మ పాట వెతుకు అన్నాను. ఫోన్‌లో పేరు కొట్టింది. ఎవరెవరో లచ్చమ్మలు వచ్చారు, మన లచ్చమ్మ రాలేదు. అయినా ఆ స్ట్రీమర్ ఏదో మిగిలిన గొంతును పైకి తెస్తుందేమోనని నా ఆశ. లామింగ్టన్ రోడ్‌లో ముప్పై ఏళ్ళు టేపురికార్డర్లు అమ్మినవాడివి, ఏది కొనాలో చెప్పు.

ఇట్లు,
మీ అన్న
దుర్గయ్య

&nbsp;

బద్లాపూర్
12 ఫిబ్రవరి 2024

ప్రియమైన దుర్గన్నకు,

మీ ఉత్తరం అందింది. శాంతాబాయి రెండుసార్లు చదివించుకుంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి, లిఫ్టులో తిట్టడానికి ఎవరూ దొరకడం లేదని బాధపడుతోంది.

ముందు ఒక మాట. ఆ టేపు మళ్ళీ మళ్ళీ పెట్టకండి. పాతది, పుటుక్కున తెగితే అతుకు వేసే మనిషి కూడా ఇప్పుడు దొరకడు.

రెండో మాట. స్ట్రీమర్‌లో క్యాసెట్ పెట్టే చోటు ఉండదు. టేపును ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఆ పని లామింగ్టన్ రోడ్‌లోనే చేస్తారు. కాబట్టి నెట్ పాటలతో పాటు పెన్‌డ్రైవ్ పాడేదే తీసుకోండి. కొన్ని ఉత్త నెట్ పెట్టెలే. నెట్ పోతే అవి కాగితాలు ఎగరకుండా పెట్టుకోవడానికి పనికొస్తాయి. వెనకవైపు ఎర్రది, తెల్లది రెండు పిన్నులు ఉండాలి, మన ఆంప్లిఫయర్‌కు అవే దిగుతాయి. ఆంప్లిఫయర్ లోపలే ఉన్న స్ట్రీమర్ అమ్మజూస్తారు. అది మీకొద్దు. మీది ఇంకా ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది.

నా పెట్టె ఇక్కడ హాల్లో కిటికీ పక్కన ఉంది. రోజూ మోగుతోంది.

మీ తమ్ముడు
శంకర్రావు

&nbsp;

కామాటిపుర
20 ఫిబ్రవరి 2024

ప్రియమైన శంకర్రావుకు,

రోజూ మోగుతోందా? సంతోషం.

నిన్న బ్యాంకుకు సెలవని సంధ్య నన్ను లామింగ్టన్ రోడ్ తీసుకెళ్ళింది. నీ పాత దుకాణం ఉన్న వరసలోనే, మేడ మీద. అమ్మేవాడు స్వప్నిల్ అని మరాఠీవాడు, మర్యాదగలవాడే. మూడు చూపించాడు. మొదటిది నాలుగు అగ్గిపెట్టెలు కలిపినంత ఉంది. ముందు గుండీ లేదు, ఏమీ లేదు, అంతా ఫోన్‌తోనే నడపాలి. నా వేళ్ళు ముప్పై ఏళ్ళు సిమెంటు తిన్న వేళ్ళు, ఫోను వాటిని గుర్తుపట్టదు. సంధ్య బ్యాంకుకు పోతే నేను దాని ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. రెండోదానికి చిన్న తెర, తిప్పే గుండీ, రిమోటు, పెన్‌డ్రైవ్ సందు, నువ్వు చెప్పిన ఎర్ర తెల్ల పిన్నులు అన్నీ ఉన్నాయి. మూడోదాంట్లో ఆంప్లిఫయర్ లోపలే. స్వప్నిల్‌కు దానిమీదే మనసు. "కాకా, ఆ పాతది పారేయండి" అన్నాడు హిందీలో. "గా పాతదాన్ని పారేసెటోన్ని ముందు పారెయ్యాలె" అన్నాను తెలుగులో. సంధ్య దాన్ని అతనికి ఇంకో రకంగా చెప్పింది.

కూర్చోండి, పాట వినిపిస్తానన్నాడు. నా పాట తెచ్చిన రోజునే వింటానని చెప్పి వచ్చేశాను. టేపు అతని చేతిలో పెట్టడానికి ధైర్యం చాలలేదు. తెగిపోతే ఆ బావిలోంచి వచ్చే గొంతు కూడా ఉండదు కదా.

గోడ రంధ్రంలోంచి బొద్దింకలు వస్తున్నాయి. నీ ఖోలీ తాళం వేసి ఉంది, అటువైపు ఊడ్చే దిక్కు లేదు. పాత గుడ్డ ఒకటి కుక్కాను.

రెండోదే తీసుకోనా? గొంతు పైకి తెచ్చే శక్తి దానికి ఉందా లేదా? సూటిగా రాయి.

మీ అన్న
దుర్గయ్య

&nbsp;

బద్లాపూర్
2 ఏప్రిల్ 2024

ప్రియమైన దుర్గన్నకు,

జవాబు ఆలస్యమైంది. క్షమించండి. ఆరోగ్యం బాగానే ఉంది, వేరే కారణం కూడా ఏమీ లేదు. రాద్దామని కూర్చోవడం, లేవడం, అంతే.

రెండోదే తీసుకోండి. కానీ కొనేముందు ఒకటి అడగండి. సెట్టింగుల్లో ‘మోనో’ అని ఉందా అని. ఉంటేనే కొనండి. లేకపోతే అది ఎంత పేరున్నదైనా వద్దు. ఇంటికి తెచ్చాక మోనో పెట్టమని సంధ్యకు చెప్పండి. ఎందుకని అడగకండి, పెద్ద కథ.

టేపు ఎక్కించేటప్పుడు మీరు దగ్గరే ఉండండి. భయపడకండి, తెగదు.

శాంతాబాయి మీకు నమస్కారం చెబుతోంది.

మీ తమ్ముడు
శంకర్రావు

&nbsp;

కామాటిపుర
15 ఏప్రిల్ 2024

శంకర్రావుకు,

ప్రియమైన అని రాయడానికి ఈసారి చేయి రాలేదు. ఉత్తరం పూర్తయ్యేలోపు వస్తే రాస్తాను.

మొన్న శనివారం టేపు తీసుకుని వెళ్ళాం. స్వప్నిల్ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అది తిరిగినంతసేపూ నేను రెప్ప వేయలేదు. తెగలేదు. తర్వాత ఆ రెండో స్ట్రీమర్‌కు తగిలించి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎదురుగా ఎడమన ఒక పెట్టె, కుడిన ఒక పెట్టె. నా బతుకులో రెండు పెట్టెల మధ్య కూర్చోవడం అదే మొదటిసారి. చాలులో ఎవడు కూర్చుంటాడు అలా?

ఎడమవైపు నుంచి నా హార్మోనియం వచ్చింది. నేను తలవంచుకుని, చెవి రిక్కించి, ఆ బావిలోని గొంతు కోసం చూస్తున్నాను. అప్పుడు కుడిపక్కన లచ్చమ్మ ఎత్తుకుంది తమ్ముడూ. అరిగిన గొంతు కాదు. నిండు గొంతు. గచ్చు మీద దిమ్మిస దెబ్బ పడేచోట ఆమె "హొయ్" అనేది చూడు, ఆ ఊపిరి కూడా వినబడింది. నేను గిరుక్కున కుడికి తిరిగాను. అక్కడ వైర్ల చుట్టలు వేలాడుతున్నాయి. సంధ్య నా చేయి పట్టుకుని, "అమ్మనే నాయినా. అమ్మ యాడికి పోలే" అంది. నేను ఏడ్చాను. దుకాణంలో, గిరాకీల ముందు. సిగ్గనిపించలేదు.

పాట అయ్యాక స్వప్నిల్, మీ ఇంట్లో ఒకే స్పీకర్ ఉందా అని అడిగాడు. రెండున్నాయి, ఒకటి పక్కింట్లో అన్నాను. అతనికి అర్థం కాలేదు. గోడ, రంధ్రం, వైరు అంతా చెప్పాను. నవ్వు ఆపుకుంటూ కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. ఆ రోజు మైకులు రెండు. ఒకటి నా హార్మోనియం ముందు, ఒకటి ఆమె ముందు. నాది ఎడమకు, ఆమెది కుడికి ఎక్కాయి. టేపులో ఇద్దరం చెరోవైపు. నా దగ్గరున్న సినిమా పాటలన్నీ పాతవి, వాటిలో రెండువైపులా ఒకటే ఉంటుందట, అందుకే తేడా ఎన్నడూ తెలియలేదు. ముప్పై రెండేళ్ళు నా ఖోలీలో నా హార్మోనియం మోగింది, నీ ఖోలీలో నా భార్య పాడింది. నేను విన్నది గోడ అవతలి నుంచి. నువ్వు పెట్టె తీసుకెళ్ళావు, గొంతు దాంతోపాటు పోయింది.

అప్పుడు నీ మోనో గుర్తొచ్చింది. అడిగాను. ఉందన్నాడు, నొక్కాడు. ఇద్దరం ఒకే పెట్టెలోకి వచ్చేశాం. కొనేశాను.

ఇప్పుడు సూటిగా అడుగుతున్నాను. మైకులు పెట్టింది నువ్వు. వైర్లు కలిపింది నువ్వు. నా మొదటి ఉత్తరం చదవగానే నీకు తెలియలేదా? తెలిసీ నన్ను రెండు నెలలు ఆమె గొంతు పోయిందని ఏడవనిచ్చావా?

ఇంట్లో మోనో పెట్టి రెండు రోజులుగా వింటున్నాను. స్పష్టంగా ఉంది. కానీ ఏదో కుదరడం లేదు. ఇదివరకు ఆ పాట వింటుంటే లచ్చమ్మ పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని మీ ఇంటికి పోయి, శాంతాబాయితో మాటల్లో పడి, అక్కడి నుంచే పాడుతున్నట్టు ఉండేది. ఇంకాసేపటికి వచ్చేస్తుందిలే అనిపించేది. ఇప్పుడు నా హార్మోనియం మీదికెక్కి కూర్చుని పాడుతున్నట్టుంది. బతికుండగా ఒక్కనాడు అలా కూర్చోలేదు. ఊపిరాడట్లేదు ఇద్దరికీ.

అయినా నీ పెట్టె నేను అడగను. రోజూ మోగుతోంది కదా, మోగనీ.

దుర్గయ్య

&nbsp;

బద్లాపూర్
19 ఏప్రిల్ 2024

ప్రియమైన దుర్గన్నకు,

తెలిసింది. మీ మొదటి ఉత్తరంలో హార్మోనియం ఉంది, గొంతు లేదు అన్న చోటే తెలిసింది. కాదని చెప్పను.

అదే రోజు జవాబు రాశాను, చింపేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ చింపాను. గొంతు నా పెట్టెలో ఉందని చెబితే మీరు పెట్టె అడుగుతారు. నేను ఇస్తాను. ఇచ్చాక మీకు నాతో పనేముంది? దసరా తర్వాత మీరు నాకు రాసిన మొదటి మాట ఆ ఉత్తరమే. ఇక్కడ కొడుకు ఆఫీసుకు పోతాడు, మనవలు మరాఠీలో మాట్లాడుకుంటారు, కింద పార్కులో ముసలివాళ్ళు గుజరాతీలో. నన్ను తిడుతూ తెలుగులో ఉత్తరం వచ్చేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. స్వార్థం అనండి, ఇంకేమైనా అనండి. మోనో చెబితే వదిన గొంతు మీకు దొరుకుతుంది, పెట్టె నా దగ్గరే ఉంటుంది, ఉత్తరాలు ఆగవు అనుకున్నాను. ఆ మాట రాయడానికి కూడా నలభై రోజులు పట్టింది. మీరు రెండు నెలలు ఏడ్చారని చదివాక అన్నం సహించలేదు. తప్పు నాది.

ఇంకో అబద్ధం కూడా ఒప్పుకుంటాను. పెట్టె ఇక్కడ ఒక్కరోజు మోగలేదు. ఆంప్లిఫయర్ ఏదీ, మోగడానికి? దాని మీద శాంతాబాయి ఊరగాయ జాడీలు పెట్టింది. ఇల్లు ఖాళీ చేసే రోజు నేను దాన్ని ఎత్తింది తీసుకుపోదామని కాదు. "యాడికి తీస్కపోతున్నవ్‌రా, ఆడ పెట్టు" అంటారని ఎత్తాను. అంటే అక్కడే పెట్టి, నెలకోసారి వచ్చి వినే వంకతో ఉందామనుకున్నాను. మీరు గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకున్నారు. నాకూ పౌరుషం వచ్చింది. టెంపో ఎక్కించేశాను.

మీకు తెలియనిది ఒకటి చెబుతాను. మీ హార్మోనియం నేనూ సరిగా వినలేదు. మా వైపు వదిన ఒక్కతే పాడేది. ఇంత గొప్పగా పాడే మనిషికి మా అన్న కాస్త గట్టిగా వాయించి సాయం చేయడేమని శాంతాబాయీ నేనూ ఎన్నోసార్లు అనుకున్నాం. పాపం మీరు అవతల బాగానే వాయిస్తున్నారన్నమాట.

మీ ఉత్తరం శాంతాబాయికి చదివాను. తోడు గిన్నె దగ్గరికి వచ్చేసరికి ఆమె లేచి వెళ్ళి జాడీలు దింపి, పెట్టె తుడిచి, "ఇగ నడువు" అంది.

ఈ నెల ఇరవై ఎనిమిది, ఆదివారం పొద్దున రైల్లో, సామాన్ల డబ్బాలో వస్తాం. పదకొండు గంటలకు బైకులాలో దిగుతాం, సంధ్యను టాక్సీతో పంపండి. పెట్టె బరువు మీకు తెలుసు. చాలు పడగొట్టి కడతామంటున్న కొత్త బిల్డింగు సంగతి తేలేదాకా ఖోలీ వదలొద్దని మావాడు అంటున్నాడు కాబట్టి అది మనదే. నెలకు నాలుగు రోజులు వచ్చి ఉంటాం. తాళంచెవి ఈ కవరులోనే ఉంది. ముందే తెరిచి ఊడ్పించండి, బొద్దింకలు నావే అన్నారు కదా. పెట్టె పాత చోటే పెడతాను. సంధ్యతో మోనో తీయించేయండి.

మీరు నామీద ఎంత కోపంగా ఉన్నారో లెక్క వేసుకుంటుంటే మీ రెండో ఉత్తరం మళ్ళీ చూశాను. ముప్పై ఏళ్ళు నాగ్‌పాడా నుంచి గ్రాంట్ రోడ్ దాకా ఊరి గోడలన్నిటికీ గిలాబు చేసిన మనిషి, ఆ అంగుళం రంధ్రానికి పిడికెడు సిమెంటు పెట్టలేదు. గుడ్డ కుక్కారు. అది చదివాకే రావడానికి ధైర్యం వచ్చింది.

ఆదివారం మీరు ఆ గుడ్డ లాగేయండి అన్నా. వైరు అటువైపు నుంచి నేను అందుకుంటాను.

మీ తమ్ముడు
శంకర్రావు