సీసా మూత తీసే ముందు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన మూలికల దుకాణం మూయలేదు. ఇప్పుడు వరంగల్‌లో ఫోన్‌లో మందు బొమ్మ చూపించి అడిగేవాళ్లే ఎక్కువ, అందుకే బలానికి మింగే తాకత్ గోలీలు కూడా తెచ్చి ముందు వరుసలో పెట్టాను. తిట్టుకోకు.

నీ పద్ధతి ఒక్కటి మాత్రం వదల్లేదు. సీసా మూత తీసే ముందు "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని ప్రతి మనిషినీ అడుగుతాను. అబద్ధం చెప్తే నీకు మొహం చూస్తేనే తెలిసేది. నాకింకా ఆ విద్య రాలేదు.

ఇవాళ కాజీపేట నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, రైల్వేలో చేసి రిటైరైన మనిషి.

"ఒకటే నీరసం. జర అశ్వగంధ ఇయ్యి బిడ్డా" అన్నాడు.

ఏం తిన్నావని అడిగాను.

"చాయ్, రెండు బిస్కెట్లు. మా ఇంటామె పోయినప్పటిసంది పొయ్యి ముట్టిస్తలేను."

సీసా తీయలేదు. రాగిపిండి పొట్లం కట్టి, జావ కాచుకునే తీరు చెప్పాను. చల్లారాక మజ్జిగ కలుపుకోమన్నాను. వారానికీ నీరసం తగ్గకపోతే దవాఖానకు పొమ్మన్నాను, నువ్వు చెప్పేటట్టే.

ఆయన పొట్లం సంచిలో వేసుకుని, పోబోతూ ఆగాడు.

"మరి నువ్వేం తిన్నవ్ బిడ్డా?"

ఏడాదిగా నన్నెవరూ ఆ మాట అడగలేదు బాపూ. నేనూ ఉత్త చాయ్ తాగి షట్టర్ ఎత్తాను.

"జొన్నరొట్టె తిన్న" అన్నాను.

ఆయన నమ్మి వెళ్లిపోయాడు. నువ్వైతే నమ్మేవాడివి కాదు.