కొసరు దెబ్బ

ఫిబ్రవరి 4

నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ మానాలో బడి వదిలిన నాడే మరిచిపోయాను. ఎవరైనా చదివితే మన్నించాలి. చదవరనే అనుకుంటున్నాను.

ఈ డైరీ చెల్లెలు ఇచ్చింది. వచ్చే నెల మొదటి ఆదివారానికి దాని కొడుకు పోయి ఏడాది. సభ పెడతారట. మేనమామను, పని నేర్పినవాణ్ణి కాబట్టి నేనూ మాట్లాడాలట. నోటికి రానిది ముందు కాగితం మీద పెట్టుకో అన్నయ్యా అంది. పెడుతున్నాను. ఇవాళ్టికి ఇంతే వచ్చింది.

ఫిబ్రవరి 5

ఏమీ రాయలేదు.

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం

సభ ఏర్పాట్లు పక్క షెడ్డు వెల్డరు చూస్తున్నాడు. ఫ్లెక్స్ వేయించి తెచ్చి చూపించాడు. అల్లుడి ఫొటో కింద సేవాతత్పరుడు, మృదుభాషి అని ఉంది. మృదుభాషా? వాడు గుసగుసలాడితే మూడో షెడ్డుకు వినపడేది. ఎవరు రాశారని అడిగాను. ప్రింటింగ్ షాపులో రెడీగా ఉంటాయట, పోయినవాళ్లందరికీ అవే వేస్తారట. నీ వంతు వచ్చినప్పుడు నీకూ అదే వేయిస్తాలే బాబాయ్ అన్నాడు. నాకైతే సరిపోతుంది అన్నాను.

నవ్వాడు. తర్వాత ఫ్లెక్స్ చుట్టుకుని వెళ్లాడు.

ఫిబ్రవరి 12

అల్లుడి గురించి తెలిసినవి రాస్తాను. ఇంటర్ తప్పాడు. తప్పిన మర్నాడే నా కొలిమి దగ్గరికి వచ్చేశాడు. బల్లి అంటే భయం. ఎర్రగా కాలిన ఇనుమంటే భయం లేదు. నేను ఆడవలసిన మాటలు కూడా వాడే ఆడేవాడు. గిరాకీ వస్తే, మా మామయ్య ఏమనుకుంటున్నాడంటే అండీ అని మొదలుపెట్టేవాడు. అప్పటికి నేను ఏమీ అనుకుని ఉండేవాణ్ణి కాదు. వాడు చెప్పాక అదే అనుకునేవాణ్ణి.

ఇరవై ఆరేళ్లు. జ్వరం అన్నారు. తగ్గింది అన్నారు. పోయాడు.

ఇప్పుడు గిరాకీతో నేనే మాట్లాడుకోవాలి. అలసటగా ఉంది. పని వల్ల కాదు.

ఫిబ్రవరి 18

వాడు పట్టిన సమ్మెట ఇప్పుడు వెల్డరు మనిషి ఒకడు వచ్చి పట్టుకుంటున్నాడు. మంచివాడే. బలం ఉంది.

మా పనిలో మాటలు ఉండవు. ఉన్నా ఆ చప్పుడులో వినపడవు. కాలిన ఇనుమును పట్టుకారుతో దాగలి దిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో నేను ఎక్కడ తడితే ఎదుటివాడు అక్కడ సమ్మెట వేయాలి. మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా తడితే గట్టిగా. ఇక చాలు అనడానికి ఇనుమును వదిలి దాగలినే రెండుసార్లు తడతాను. సమ్మెట ఆగాలి.

వీడు ఆగుతాడు. అదే నా బాధ.

అల్లుడు ఆగేవాడు కాదు. ఇంకొక్కటి వేసేవాడు. ఇనుము మీద కాదు. ఉత్త దాగలి అంచు మీద, మెల్లగా, గంట మోగించినట్టు. మొదట్లో తిట్టాను. కూరగాయలవాడు కొసరు వేయడా మామయ్యా, ఇదీ అంతే అన్నాడు. ఆ రోజు నుంచి షెడ్డులన్నింటికీ వాడు కొసరే. అసలు పేరుతో పిలిస్తే వాడే పలికేవాడు కాదు. పోనుపోను ఆ కొసరు దెబ్బ పడితే గానీ నా చెయ్యి ఇనుమును నీళ్లలో దించేది కాదు.

ఫిబ్రవరి 19

ఇది సభలో చెప్పే సంగతేనా?

ఫిబ్రవరి 25, సాయంత్రం

చెల్లెలి ఇంటికి వెళ్లాను. మాట్లాడటం నా వల్ల కాదని చెప్పి వచ్చేద్దామనే వెళ్లాను. అది చెప్పనివ్వలేదు.

"వచ్చినవాళ్లంతా బంగారం, బంగారం అంటారు. నా కొడుకు ఇనుము పని చేశాడన్నయ్యా. ఆ పనిలో వాడెలా ఉండేవాడో ఒక్కరూ చెప్పరు."

దానికి ఆయాసం. పొగ పడదు. అందుకని ఇన్నేళ్లలో షెడ్డు గడప తొక్కలేదు. తను చూడని కొడుకు నా దగ్గరే మిగిలి ఉన్నాడట. నేను కూడా బంగారం అనేటట్టయితే మైకు పట్టుకోవద్దంది.

తిరిగి వస్తూ వెల్డరుతో చెప్పాను, సభ హాల్లో వద్దు, మా షెడ్డు ముందు పెట్టమని. నేను నోరు తెరిచి అడగడమే వింత. కాదనలేదు.

మార్చి 2, ఆదివారం

జనం బాగానే వచ్చారు. ఒక పెద్దమనిషి ఫ్లెక్స్ చూసి చదివినట్టే మాట్లాడాడు. చెల్లెలు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది.

నా చేతికి మైకు ఇచ్చారు. అందరికీ నమస్కారం అన్నాను. ఆ తర్వాత ఇన్నాళ్లు రాసుకున్నదాంట్లో ఒక్క ముక్క రాలేదు. ఎవరో దగ్గారు. చెల్లెలు నా మొహమే చూస్తోంది.

మైకు వెల్డరుకు ఇచ్చేసి లోపలికి వెళ్లాను. కొలిమి పొద్దున్నే రాజేసి ఉంచాను, ఎందుకో. ఎర్రబడ్డ కడ్డీ తీసి దాగలి మీద పెట్టాను. సమ్మెట పట్టమని ఎవరినీ పిలవలేదు. ఒకసారి తట్టాను. సమ్మెట పడేంతసేపు ఆగాను. మళ్లీ తట్టాను. మళ్లీ ఆగాను. నా తట్టు, వాడి ఖాళీ. నా తట్టు, వాడి ఖాళీ. బయట కుర్చీల కిర్రు కూడా లేదు. కడ్డీ నల్లబడింది. దాగలిని రెండుసార్లు తట్టాను.

"ఇక్కడ ఇంకొకటి వేసేవాడమ్మా," అన్నాను. "వద్దన్నా వేసేవాడు."

చెల్లెలు రుమాలు తీసేసింది. అన్నం దగ్గరా అంతేనంది. చాలు చాలని చెయ్యి అడ్డం పెట్టేవాడట, తీరా గిన్నె ఎత్తాక ఇంకో ముద్ద అనేవాడట. అసలు కన్నా కొసరే తీపి వెధవకి అని నవ్వింది. నవ్వుతూ దగ్గింది. దగ్గుతూ ఏడ్చింది. పొగ అనుకున్నారు అందరూ.

మార్చి 3

భుజం నొప్పి. షెడ్డు తీయలేదు. వెల్డరు ఫ్లెక్స్ ఇంకా విప్పలేదు గానీ, మృదుభాషి మీద నల్ల టేపు అంటించాడట.

మార్చి 5

పని మొదలుపెట్టాం. దాగలిని రెండుసార్లు తట్టాను. సమ్మెట ఆగింది.

పట్టుకారు పట్టుకుని కొసరు దెబ్బ కోసం అలాగే నిలబడ్డాను.

త్వరగా జవాబివ్వరా అల్లుడూ. ఇనుము చల్లారిపోతోంది.